హవాసు జలపాతానికి మే చివర్లో అమ్మానాన్నలతో వెళ్లొచ్చా? నా సమాధానం

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్లకు ఉపయోగపడుతుంది. మీరు డాలస్‌లో ఉంటారు. మే చివరి వారానికి అరిజోనాలోని హవాసు జలపాతానికి నలుగురికి పర్మిట్ దొరికింది: మీరు, మీ వారు, గుంటూరు నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలు. ఇద్దరికీ అరవై దాటాయి, అమ్మగారికి మోకాలి నొప్పి. వాళ్లు నడవగలరా, ఆ నీలిరంగు నిజమేనా లేక ఫోటోల్లో దిద్దినదా, అదే లోయలో ఇంకా దిగువనున్న మూనీ జలపాతం దగ్గర గొలుసులు పట్టుకుని దిగడం ప్రమాదమా, తిండి సంగతేంటి అని అడిగారు.

మీరిద్దరూ తప్పకుండా వెళ్లండి. అమ్మగారిని మాత్రం ఈ నడకకు తీసుకెళ్లొద్దు. ఎందుకో చెప్తాను, వాళ్లకు ఇదే రకం అందాన్ని మోకాళ్లు నొప్పించకుండా చూపించే చోటు కూడా చెప్తాను. ఫీనిక్స్‌లో చాలా ఏళ్లుగా ఉంటూ, మన తెలుగువాళ్లను ఈ లోయల్లోకి తీసుకెళ్తున్న అనుభవంతో రాస్తున్నాను.

రంగు సంగతి ముందు చెప్తాను. ఈ చోటు గురించి మిగతావన్నీ దాంతోనే ముడిపడి ఉన్నాయి. ఆ రంగు నిజం. గ్రాండ్ కాన్యన్ చుట్టూ ఉన్న పీఠభూమి మీద కురిసిన వాన, కరిగిన మంచు నేలలోకి ఇంకి, రెడ్‌వాల్ అనే మందపాటి సున్నపురాయి పొరలోకి, దాని కింది పొరల్లోకి దిగుతాయి. (రెడ్‌వాల్ అసలు రంగు బూడిద. పై పొరల నుంచి కారిన ఇనుప తుప్పు మరక వల్ల ఎర్రగా కనిపిస్తుంది. ఆ పై పొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సుపాయ్, మీరు చేరబోయే ఊరి పేరే.) దారిలో కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకున్న నీరు కాస్త ఆమ్లగుణం తెచ్చుకుని సున్నపురాయిని కరిగించుకుంటూ పోతుంది. సుపాయ్ ఊరికి కొద్దిగా ఎగువన ఆ నీరంతా ఊటలుగా బయటపడుతుంది. సెకనుకు 60 ఘనపుటడుగులకు పైగా, ఏడాది పొడవునా, సుమారు 70 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర. అంటే మన లెక్కలో 21 డిగ్రీల సెల్సియస్.

బయటికి రాగానే నీరు తనలోని కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదిలేయడం మొదలుపెడుతుంది. గ్యాస్ పోయేకొద్దీ కరిగిన సున్నాన్ని పట్టి ఉంచుకోలేదు. అది కాల్షియం కార్బొనేట్‌గా బయటపడి ఏది దొరికితే దాని మీద పేరుకుంటుంది: రాయి, వేరు, రాలిన ఆకు, పడిపోయిన కొమ్మ. మన ఊళ్లలో బోరు నీళ్లు వాడే ఇంట్లో బకెట్లకు తెల్లగా గార పట్టడం, గీజర్ రాడ్‌కి పెచ్చు కట్టడం మీరు చూసే ఉంటారు. అదే పని ఇక్కడ ఒక లోయంతా జరుగుతోంది. అలా పేరుకున్న రాయినే ట్రావర్టైన్ అంటారు. అడుగున ఆ లేత రంగు పొర, నీళ్లలో తేలే అతి సన్నని సున్నపు రేణువులు కలిసి వెలుగులోని నీలాన్ని మన కంటి వైపు ఎక్కువగా తిప్పి పంపుతాయి. మధ్యాహ్నం సూర్యుడు లోయలోకి నేరుగా పడినప్పుడు రంగు బాగా తేలుతుంది, నీడలో పచ్చగా మారుతుంది. వాన వచ్చిన తర్వాత మాత్రం కొన్ని రోజులు ఎర్రమట్టి నీళ్లే. అలాంటప్పుడు వెళ్లినవాళ్లు నిరాశపడతారు కానీ అది మోసం కాదు, ఆ వాగు సహజ స్థితే.

మీ నాన్నగారు బొర్రా గుహలు చూసి ఉంటే ఆయనకు ఇది చెప్పండి. అక్కడ కప్పు నుంచి చుక్కచుక్కగా కారే నీరు గ్యాస్ వదిలి, సున్నాన్ని అక్కడే విడిచిపెట్టి, పైనుంచి వేలాడే రాళ్లనూ కింద నుంచి లేచే రాళ్లనూ కట్టింది. రసాయనం ఒకటే. అక్కడ చీకట్లో, చుక్కల లెక్కన. ఇక్కడ ఎండలో, పారే వాగుతో.

ఇప్పుడు అసలు సంగతి. మామూలు జలపాతం రాయిని అరగదీస్తుంది. ఇలాంటి జలపాతం రాయిని కడుతుంది కూడా. నీరు పల్చగా పరుచుకుని వేగంగా దూకే అంచు దగ్గర గ్యాస్ ఎక్కువగా పోతుంది, కాబట్టి సున్నం కూడా అక్కడే ఎక్కువగా పేరుకుంటుంది. అంచు పైకి పెరుగుతుంది, దాని వెనక నీరు నిలుస్తుంది, మడుగు తయారవుతుంది. ఫోటోల్లో మెట్లుమెట్లుగా కనిపించే మడుగులన్నీ నీళ్లు తమకు తామే కట్టుకున్న ఆనకట్టలు. ఒక పెద్ద వరద వస్తే అదే నీరు ఆ అంచును కోసేస్తుంది. మళ్లీ నెమ్మదిగా కడుతుంది. హవాసు పాత ఫోటోలు చూస్తే వెడల్పుగా పరుచుకుని పడే నీరు కనిపిస్తుంది. తర్వాతి కాలం ఫోటోల్లో రెండు పాయలు, ఈమధ్యవాటిలో ఎక్కువగా ఒకటే పాయ. ఇప్పుడున్న జలపాతం రెండు వైపులా వేలాడే పెద్ద పెద్ద రాతి మడతలు ఒకప్పుడు నీరు పడిన చోట్లు.

2008 ఆగస్టు వరదలో వాగు కొంత దూరం దారే మార్చుకుంది. పాత నవాహో జలపాతం ఎండిపోయింది, దాని పక్కనే రెండు కొత్త జలపాతాలు పుట్టాయి. మీరు ఊరి నుంచి క్యాంప్‌గ్రౌండ్‌కు నడిచే దారిలో మొదట కనిపించేవి అవే. మీకన్నా చాలా చిన్నవి వాటి వయసులు! ఇలాంటివి వరద లేకుండానే కూడా పడిపోతాయి. రొమేనియాలో బిగర్ అనే జలపాతం నాచు కప్పిన సున్నపు గుమ్మటం మీదుగా కారుతుండేది, ఎంతో పేరున్నది. 2021 జూన్‌లో పెరిగి పెరిగి తన బరువుకు తానే విరిగిపడింది.

ఇదంతా చదివి ‘మాకెందుకు ఈ సైన్సు’ అనుకోకండి. ఎక్కడ అడుగు వేయాలి, ఏ నెలలో వెళ్లాలి, ఏ ఆకాశం చూసి వెనక్కి తిరగాలి అన్నవన్నీ ఇందులోంచే వస్తాయి. మడుగుల అంచుల మీద నడవకండి, కూర్చోకండి. పైకి గట్టిగా కనిపించినా చాలాచోట్ల అది గుల్లబారిన కొత్త పొర, లోపల కుళ్లిన ఆకులూ కొమ్మలే ఉంటాయి. విరిగితే మీ కాలూ తెగుతుంది, ఏళ్లు పట్టి కట్టిన అంచూ పోతుంది. నీళ్లలోకి దిగడానికి ఇసుక ఉన్న చోటు చూసుకోండి. కొండ అంచుల మీద నుంచి దూకడం అక్కడ నిషేధం. వరదకో మడుగు లోతు మారుతుంటే నిరుడు ఎవరో దూకిన వీడియో చూసి ఈ ఏడాది దూకడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

నడక గురించి. హువాలపాయ్ హిల్‌టాప్ అనే చోట కారు ఆపి, సుమారు 5,200 అడుగుల ఎత్తు నుంచి 3,200 అడుగుల దగ్గరున్న సుపాయ్ ఊరికి 8 మైళ్లు నడవాలి. మొదటి మైలు, మైలున్నర మెలికలు తిరుగుతూ నిటారుగా దిగుతుంది. ఆ తర్వాత ఎండిపోయిన వాగు అడుగున ఇసుక, గులకరాళ్లు. ఊరి దగ్గరికి వచ్చేదాకా తాగడానికి నీటిచుక్క ఉండదు. హిల్‌టాప్‌లో కూడా నీళ్లు దొరకవు, కారులోనే తెచ్చుకోవాలి. ఊరి నుంచి క్యాంప్‌గ్రౌండ్ ఇంకో రెండు మైళ్లు. హవాసు జలపాతం, అంటే ఆ దాదాపు 100 అడుగులది, క్యాంప్‌గ్రౌండ్‌కు కొంచెం ముందే ఎదురవుతుంది.

దిగేటప్పుడు అందరికీ ధైర్యంగానే ఉంటుంది. ఇబ్బంది చివరి రోజున, తిరుగు ప్రయాణంలో. పది మైళ్లలో ఎనిమిదికి పైగా నడిచి, ఒళ్లు అలసిపోయాక, ఆ నిటారు మైలున్నర చివర్లో వస్తుంది. మే చివరికి మధ్యాహ్నం 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటడం అక్కడ మామూలే. ఆ ఎక్కుడులో నీడ దాదాపు ఉండదు. మోకాలి నొప్పి ఉన్న పెద్దావిడకు దిగడమే కష్టం, ఎక్కడం ఇంకా కష్టం.

హెలికాప్టర్ ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ అది వారంలో కొన్ని రోజులే తిరుగుతుంది, ముందుగా సీటు బుక్ చేసుకోలేరు, వచ్చిన వరసలో ఎక్కిస్తారు. ఆ ఊరివాళ్లకూ వాళ్ల సామానుకూ మొదటి హక్కు, అది న్యాయమే. గాలి, వాన ఉంటే ఆపేస్తారు. పెద్దవాళ్లను ‘ఎలాగూ హెలికాప్టర్‌లో పైకి పంపేద్దాం’ అనే నమ్మకంతో కిందికి దింపకూడదు. ఆ రోజు అది ఎగరకపోతే మీ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఊళ్లోని లాడ్జ్‌లో గది దొరికి, హెలికాప్టర్‌లో దిగి, ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదనే తీరిక ఉంటే నాన్నగారికి ఆలోచించవచ్చు. లాడ్జ్ బుకింగ్ వేరు, మీ క్యాంపింగ్ పర్మిట్ దానికి పనికిరాదు.

అమ్మానాన్నలకు నేను చెప్పే చోటు టాంటో నేచురల్ బ్రిడ్జ్ స్టేట్ పార్క్. ఫీనిక్స్ నుంచి పేసన్ మీదుగా కారులో సుమారు రెండు గంటలు. ఇదీ ట్రావర్టైనే. ఊట నీరు ఒక లోయను అడ్డంగా సున్నపురాయితో పూడ్చింది, కింద వాగు దాన్ని తొలుచుకుంటూ పోయింది. మిగిలింది 183 అడుగుల ఎత్తున్న వంతెన, దాని కింద 400 అడుగుల పొడవున్న సొరంగం. ప్రపంచంలో ఈ రకం సహజ వంతెనల్లో అతి పెద్దది ఇదేనంటారు. పార్కింగ్ నుంచి కొద్ది అడుగుల్లోనే చూసే చోట్లున్నాయి. అమ్మగారు పైనుంచి హాయిగా చూడొచ్చు. కిందికి దిగే దారులు చిన్నవే కానీ నిటారుగా, రాళ్లతో ఉంటాయి, వాటిని నాన్నగారికి వదిలేయండి. మీ హవాసు ప్రయాణానికి ముందో వెనకో ఒక రోజు దీనికి పెట్టుకోండి.

మళ్లీ మీ ఇద్దరి సంగతికి వద్దాం. పర్మిట్ మూడు రాత్రులకు కలిపే ఇస్తారు, పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయడం కుదరదు. ఈమధ్య మనిషికి 400 డాలర్లు దాటుతోంది, డబ్బు వాపసు ఉండదు. ఎవరి పేరున పర్మిట్ ఉందో ఆ మనిషి గుర్తింపు కార్డుతో స్వయంగా ఉండాలి. మీకు అవసరం లేని రెండు చోట్లను బయట ఎవరికో అమ్మే ప్రయత్నం చేయకండి, కొనేవాళ్లు కూడా మోసపోతారు. ఏ మార్పైనా ఆ లోయ సొంతదారులైన హవాసుపాయ్ తెగవారి అధికారిక వెబ్‌సైటు ద్వారానే.

ఇంత ఖర్చా, ఇన్ని నిబంధనలా అని చాలామంది విసుక్కుంటారు. నేను ఒప్పుకోను. అది పార్కు కాదు, హవాసుపాయ్ ప్రజల ఇల్లు. వాళ్ల పేరుకే నీలి ఆకుపచ్చ నీళ్ల మనుషులని అర్థం. వేసవిలో లోయలో సేద్యం, చలికాలంలో పైన పీఠభూమి మీద వేట, ఇలా ఏళ్లకేళ్లు బతికినవాళ్లకు 1882లో ప్రభుత్వం లోయ అడుగున మిగిల్చింది 518 ఎకరాలు. పైనున్న భూమి క్రమంగా నేషనల్ పార్కులోకి, అటవీ శాఖ చేతిలోకి పోయింది. దాదాపు శతాబ్దం పోరాడి 1975లో సుమారు 1,85,000 ఎకరాలు వెనక్కి తెచ్చుకున్నారు. మీరు టెంట్ వేయబోయే క్యాంప్‌గ్రౌండ్ కూడా అంతకుముందు వాళ్ల చేతిలో లేదు. ఆ ఊరికి రోడ్డు లేదు, ఇప్పటికీ ఉత్తరాలు కంచరగాడిదల మీదే వెళ్తాయి. జనం కొన్ని వందల మంది. కోవిడ్ సమయంలో 2020 మార్చి నుంచి 2023 ఫిబ్రవరి దాకా పర్యాటకులను రానివ్వలేదు. ఒక్క చిన్న క్లినిక్ ఉన్న ఊరు తనను తాను అలాగే కాపాడుకోవాలి.

ఇప్పుడు వాళ్ల భయం నీటి గురించి. గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచుకు ఇంకా దక్షిణాన పిన్యన్ ప్లెయిన్ అనే యురేనియం గనిలో తవ్వకం మొదలైంది. ఆ గని వల్ల తమ ఊటలకు నీరిచ్చే భూగర్భ జలం పాడవుతుందని తెగ ఏళ్లుగా పోరాడుతోంది. ఆ నీళ్లలో ఈత కొట్టడానికి వెళ్లే మనం కనీసం ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలి. ఊరి మనుషులను, ఇళ్లను ఫోటో తీయకండి. మద్యం, డ్రోన్ రెండూ నిషేధం. ఊళ్లో స్నానపు దుస్తులతో తిరగకండి. మన పల్లెలో కొత్తవాళ్లు అలా తిరిగితే మనకెలా ఉంటుందో వాళ్లకీ అంతే.

మూనీ జలపాతం దాదాపు 200 అడుగులు, నయాగరా కన్నా ఎత్తు. 1880ల మొదట్లో ఇక్కడ పడి చనిపోయిన మూనీ అనే గని కార్మికుడి పేరు దానికి నిలిచిపోయింది. తర్వాత గనివాళ్లే పాత ట్రావర్టైన్ పొరల గుండా సొరంగాలు తొలిచి దారి చేశారు. ఇప్పుడు మీరు దిగేదీ ఆ దారే. రెండు ఇరుకు సొరంగాలు దాటాక గోడకు కొట్టిన ఇనుప కడ్డీలు, గొలుసులు, చివర్లో చెక్క నిచ్చెనలు వస్తాయి. జలపాతం తుంపర పడి కింది భాగమంతా ఎప్పుడూ తడే. ప్రమాదమా అంటే, ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లకు అవును. అలాంటివాళ్లు రెండో సొరంగం బయట ఉన్న తిన్నె దాకా వెళ్లి జలపాతాన్ని చూసి వెనక్కి వచ్చేయొచ్చు, అందులో తక్కువేమీ లేదు. దిగేవాళ్లు పట్టు ఉన్న చేతితొడుగులు వేసుకోండి. గొలుసుకు ఎదురుగా తిరిగి, ముఖం గోడ వైపు పెట్టి, ఒక చేయో కాలో మాత్రమే కదుపుతూ దిగండి. పొద్దున్నే వెళ్లండి. పది దాటితే ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఒకే దారిలో ఇరుక్కుంటారు, తడి నిచ్చెన మీద నిలబడి ఎదురుచూడటమే అసలు ప్రమాదం.

మూనీ దిగాక మూడు మైళ్ల పైచిలుకు నడిస్తే బీవర్ జలపాతం. నాకు ఈ లోయలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. పెద్ద దూకుడు ఉండదు, ఒకదాని కింద ఒకటిగా వెడల్పాటి మడుగులు. వాగును కొన్నిసార్లు మోకాలి లోతులో, కొన్నిసార్లు నడుము దాకా దాటాలి. అక్కడి రాయి గరుకు, కాళ్లు కోసుకుంటాయి, కాబట్టి చెప్పులు లేకుండా నీళ్లలోకి దిగొద్దు. పట్టీలు బిగించుకునే నీటి చెప్పులో పాత స్పోర్ట్స్ షూలో చాలు.

వరదల గురించి గట్టిగా చెప్పాలి. ఈ వాగులోకి దాదాపు 3,000 చదరపు మైళ్ల నేల మీది నీరు చేరుతుంది. మీ నెత్తి మీద ఆకాశం నీలంగా ఉన్నా ఎక్కడో కురిసిన వాన గంటల తర్వాత గోడలా దిగొచ్చు. 2024 ఆగస్టు 22న అలాగే వచ్చింది. ఒక యాత్రికురాలు కొట్టుకుపోయి చనిపోయింది, వంద మందికి పైగా జనాన్ని నేషనల్ గార్డ్ హెలికాప్టర్లలో బయటికి తెచ్చారు. అరిజోనా వానాకాలం జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరిదాకా. మీరు వెళ్లే మే చివరి వారం దానికి ముందే కాబట్టి ఆ భయం తక్కువ, అయినా టెంట్ మాత్రం నీటి ఒడ్డున కాకుండా ఎత్తులో వేయండి. నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడినా, కొమ్మలూ చెత్తా తేలుతూ వచ్చినా, సామాను గురించి ఆలోచించకుండా పైకి ఎక్కేయండి.

తిండి విషయంలో మన ఇంటి వంటే దిక్కు. మొదటి రోజుకు పులిహోర, రెండో రోజుకు నూనె కాస్త ఎక్కువ వేసిన చపాతీలు, ఆవకాయ, తర్వాతికి వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు. గ్యాస్ స్టవ్ చిన్నది చాలు, అక్కడ మంట వేయనివ్వరు. ఉడుతలు జిప్పులు కొరికి మరీ తింటాయి, తిండిని మూత బిగించే బకెట్‌లో పెట్టండి. క్యాంప్‌గ్రౌండ్ దగ్గర ఊరివాళ్లు వేడివేడిగా ఫ్రై బ్రెడ్ (నూనెలో వేయించిన రొట్టె) అమ్ముతుంటారు, కొనండి. మంచినీటికి ఫెర్న్ స్ప్రింగ్ అనే ఊట కుళాయి ఉంది, దాన్ని కూడా వడకట్టుకునే తాగండి. 2024 జూన్‌లో చాలామంది యాత్రికులకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. శానిటైజర్‌తో సరిపెట్టుకోకుండా తినేముందు సబ్బుతో చేతులు కడగండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు కొన్ని సంచిలో ఉండాలి.

చివరి రోజు తెల్లవారుజామునే బయల్దేరి, ఎండ ముదరకముందే ఆ నిటారు ఎక్కుడు కిందికి చేరేలా చూసుకోండి. మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు నింపుకోండి, ఊరు దాటితే మళ్లీ దొరకవు. హిల్‌టాప్‌కు చేరాక తాగడానికి కారులో ఇంకో క్యాన్ ముందే పెట్టి ఉంచండి. హిల్‌టాప్ రోడ్డు మీద 60 మైళ్ల దాకా పెట్రోల్ బంకు లేదు, వెళ్లేటప్పుడే ట్యాంక్ నింపుకోండి. చీకట్లో ఆ రోడ్డు మీద ఆవులు, జింకలు అడ్డంగా నిలబడి ఉంటాయి, వేగం తగ్గించండి. మీరు రాసిన వివరాల్లో హిల్‌టాప్‌కు ముందు రాత్రి ఎక్కడ ఉంటారో లేదు. సెలిగ్మన్‌లోనో పీచ్ స్ప్రింగ్స్‌లోనో గది ఇప్పుడే తీసుకోండి, ఆ వారాంతం మెమోరియల్ డే సెలవు కాబట్టి త్వరగా నిండిపోతాయి.